కుడి కొమ్ము మీద గీత

ఎనభైల చివర్లో మా ఆసుపత్రికి కంప్యూటరు అమ్మడానికి హైదరాబాదు నుంచి ఒకతను వచ్చాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, పత్తి వ్యాపారులు చందాలు వేసుకుని పెట్టిన పశువుల ఆసుపత్రి మాది. నేను అందులో పెద్ద డాక్టర్ని. చిన్న డాక్టరు లేడు కాబట్టి పెద్ద. అతను మా ఎండలో కూడా టై విప్పకుండా, మీట నొక్కితే ఏ పశువు వివరమైనా తెర మీదికి వస్తుందని గంటసేపు చెప్పాడు. అంతా విని ఒక్కటే అడిగాను.

"ఎద్దును సంతలో అమ్మేశారనుకో. కొన్నవాడు దాన్ని మళ్ళీ మా దగ్గరికే తోలుకొచ్చాడు. మీ పెట్టె ఆ ఎద్దును గుర్తుపడుతుందా?"

అతను నవ్వాడు. "ఓనరు మారితే కొత్త ఫైలు తెరుచుకుంటుంది సార్. పాతదానితో కలవదు. చాలా నీటుగా ఉంటుంది" అన్నాడు.

నీటుగా ఉంటుందని నాకు తెలుసు. అంతకు పదేళ్ళ ముందు అలాంటి నీటైనదాన్నే నేను ఏరికోరి కొన్నాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. ఆసుపత్రి ముందు 'అత్యవసర వైద్యం' అని ఎర్రరంగు బోర్డు ఉండేది. మా అత్యవసరాలు మాత్రం నడుచుకుంటూ వచ్చేవి. హొళగుంద వైపు నుంచి పొద్దున బయలుదేరిన ఎద్దు మధ్యాహ్నానికి మా గేటు చేరేది. దాని వెంట దాని జతగాడు, ఏ జబ్బూ లేనివాడు, తోడు వచ్చేవాడు. జతలో ఒకదాన్ని విడదీసి తోలితే దారిలో అడుగు వేయదని రైతులు రెండింటినీ తోలుకొచ్చేవాళ్ళు. చేరిన కొత్తలో నేను ఒకసారి జబ్బు లేనిదానికి మందు తాగించాను. అది మర్యాదగా తాగింది. రైతు కూడా డాక్టరు తెలిసే చేస్తున్నాడనుకుని ఊరుకున్నాడు.

మా కాంపౌండరు ఆదోని మనిషి, అరవైకి దగ్గరపడిన సాయిబు. వాళ్ళ నాయన జట్కా గుర్రాలకు లాడాలు కొట్టేవాడట. గిట్టలు అరగదీయడానికి ఆయన వాడిన ఆకురాయి ఈయన మందుల బల్ల సొరుగులో ఉండేది. పెన్సిలిన్ సూది వేసినప్పుడు ఏ పశువైనా వణికి కింద పడితే, అది తేరుకున్నాక ఈయన ఆ ఆకురాయి తీసి దాని కుడి కొమ్ము మొదట్లో అడ్డంగా ఒక గీత కోసేవాడు. ఈ పశువుకు ఆ సూది పడదని దాని అర్థం. ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ తెలుసు. ఏరువాక పున్నమికి కొమ్ములు చెక్కేవాళ్ళు కూడా ఆ గీతను తప్పించి చెక్కేవాళ్ళు. సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూసి, సుళ్ళు చూసి, చివరికి కుడి కొమ్ము మొదట్లో బొటనవేలు పెట్టి తడిమేవాడు.

ఇదంతా నాకు మోటుగా కనిపించింది. బంగారు పతకం కొద్దిలో తప్పినా, మంచి మార్కులతో పట్టా తెచ్చుకున్నవాణ్ణి. కొమ్ముల మీద గీతలు చదువుకుంటూ వైద్యం చేయాలా అని ఒళ్ళు మండేది.

అప్పుడే, ఆసుపత్రిని నడిపే పత్తి వ్యాపారుల ట్రస్టువాళ్ళు కొత్త రికార్డు పద్ధతి ఏదో నన్నే ఎంచుకోమన్నారు. బళ్ళారి నుంచి ఒకాయన దిండంత లావు రిజిస్టర్లు తెచ్చాడు. ఇంకొకాయన హైదరాబాదు నుంచి ఇనుప బీరువా తెచ్చాడు. అందులో సొరుగులు, సొరుగుల్లో కార్డులు, యజమాని పేరును బట్టి అక్షర క్రమంలో. ఏ కేసైనా అర నిమిషంలో తీస్తానన్నాడు. నేను చేతిగడియారం చూస్తూ పరీక్ష పెట్టాను. ఇరవై సెకన్లలో తీశాడు. సొరుగు మూసినప్పుడు వచ్చిన చప్పుడు కూడా నాకు నచ్చింది.

కాంపౌండరు మాత్రం బీరువా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగుంది సార్. ఐతే ఇది ఈన్నే ఉంటాది గదా. ఎద్దు ఊర్లు తిరుగుతాది. దాని ఎంబడి పోయేది దాని కొమ్మే" అన్నాడు.

నేను చెవిన పెట్టలేదు. బీరువా వచ్చింది. మా వైపు సగం మంది ఒకే దేవుడి పేరు పెట్టుకుంటారు కాబట్టి ఆ పేరు కార్డులకు ఒక సొరుగు చాల్లేదు, రెండోది ఖాళీ చేయాల్సి వచ్చింది. పక్కనున్న జిన్నింగు మిల్లు నుంచి దూది ఎగిరొచ్చి సందుల్లో చేరితే రోజూ తుడిచేవాణ్ణి. మా ఇంటి మీద కూడా అంత శ్రద్ధ లేదని మా ఆవిడ అనేది.

ఆ డిసెంబరులో హొళగుంద దగ్గరి రైతు ఒకాయన ఎర్ర ఎద్దును తోలుకొచ్చాడు. మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడింది. పెన్సిలిన్ వేశాను. అయిదు నిమిషాల్లో వణికి పడిపోయింది. విరుగుడు సూది వేసి, పక్కన కూర్చుని, ఎలాగో లేపాం. కాంపౌండరు ఆకురాయి తీశాడు. రైతు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దప్పా, గీత ఏస్తే రేపు సంతలో ఎవురూ ముట్టరు."

నేను రైతు పక్షం వహించాను. "ఇకమీదట ఈ ఆసుపత్రిలో కొమ్ములు కోయడం లేదు" అని అందరికీ వినపడేలా చెప్పి, కార్డు మీద ఎర్ర సిరాతో 'ఈ ఎద్దుకు పెన్సిలిన్ వేయరాదు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. కాంపౌండరు ఆకురాయిని గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాడు. ఆ రైతు చెప్పినట్టే మరుసటి నెల ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును అమ్మేసుకున్నాడు.

జూన్‌లో తొలకరి పడింది. ఏరువాక అయిన మూడో రోజు, ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు జత ఎద్దుల్ని తోలుకొచ్చాడు. కొమ్ములకు నీలం రంగు, మెడలో పూసలు. అందులో ఎర్రది కుంటుతోంది. గిట్ట సందులో ముల్లు దిగి చీము పట్టింది.

"నేలలో పదును నాలుగు దినాలు కూడా నిలవదు సార్. శెనక్కాయలు ఇత్తల్ల. రేపటికి కాడి కింద నిలబడేతట్ల సెయ్యి సామీ" అన్నాడు. ఆ జత తప్ప అతనికి ఇంకో ఆధారం లేదు. అప్పుచేసి కొన్నానని కూడా చెప్పాడు.

కాంపౌండరు ఎర్ర ఎద్దు చుట్టూ తిరిగాడు. "దీన్ని యాడో సూసినట్లుంది సార్. గిట్ట కడిగి కట్టు కడదాం. సూది రేపు సూద్దాం" అన్నాడు.

నేను బీరువా దగ్గరికి పోయి రైతు పేరు వెతికాను. కార్డు లేదు. అంటే కొత్త కేసు. "చూశావా, ఇది మన దగ్గరికి రాలేదు" అన్నాను. ఇంతకు ముందు సూదికి ఏమైనా అయిందా అని రైతును పద్ధతి ప్రకారం అడిగాను. తనకు తెలిసి లేదన్నాడు. 'లేదు' అని రాసి పెన్సిలిన్ వేశాను.

ఈసారి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. విరుగుడు సూదులు ఉన్నవన్నీ వేశాం. కాంపౌండరు దాని తల ఒడిలో పెట్టుకుని నాలుక బయటికి లాగి పట్టుకున్నాడు. ఎర్ర ఎద్దు మా బోర్డు నీడలోనే చచ్చిపోయింది.

కాంపౌండరు తడిగుడ్డతో దాని మెడ తుడిచాడు. పూసల కింద కాడి పుండు మానిన మచ్చ బయటపడింది. నేను పరుగున పోయి హొళగుంద రైతు కార్డు తీశాను. ఎర్ర సిరా, రెండు గీతలు, నా దస్తూరీ. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

రైతు చచ్చిన ఎద్దు కుడి కొమ్ము మీద నీలం రంగును గోటితో గీకి, మొదట్లో బొటనవేలితో తడిమాడు.

"జాతరలో ఇట్లనే సూసి కొంటి సార్. గీత లేకపాయ. మీ ఆసుపత్రి గీతను నమ్ముకోని, దీనికి సూది పడతాదిలే అనుకొంటి."

ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. గీతలు కోయడం మానేశామని నేను బీరువాకు చెప్పాను, ట్రస్టుకు చెప్పాను. సంతకు చెప్పాలని తోచలేదు.

సాయంత్రం అతను మిగిలిన ఎద్దును తోలబోతే అది గేటు దాటలేదు. కాంపౌండరు పోయి రెండో పక్క నిలబడి, దాని మెడ మీద చెయ్యి వేశాడు. అప్పుడు కదిలింది. ఆయన అలాగే పక్కన నడుస్తూ వాళ్ళ ఊరిదాకా పోయాడు. మరుసటి రోజు వచ్చాక ఆకురాయి బయటికి తీసి బల్ల మీద పెట్టమని నేనే అడిగాను.

నెల తర్వాత ట్రస్టు పెద్దలు తనిఖీకి వచ్చారు. ఎద్దు చనిపోయిన సంగతి చెప్పి, రెండు కార్డులూ వాళ్ళ ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూశారు. పేర్లు, ఊళ్ళు, తేదీలు, మందులు, అన్నీ ఉన్నాయి. రెండింట్లోనూ ఒక్క తప్పు కూడా లేదని నన్ను మెచ్చుకుని వెళ్ళారు.