తగువుల చాప

మా వదిన ఏడవలేదు. అన్నయ్య పోయిన రోజు ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు ఆవిడ మొహం చూసి, తర్వాత నా మొహం చూసి, నా పక్కనే కూర్చున్నారు. నేను ముక్కు చీదుకుంటూ ఉంటే ఆవిడ అందరికీ మంచినీళ్ళు అందించింది. వెళ్ళేవాళ్ళకి చెప్పులు వెతికిపెట్టింది. "నిండు కుండ తొణకదమ్మా" అంది ఎదురింటావిడ. ఆ కుండలో అసలు నీళ్ళున్నాయా అని నాకు అనుమానం వచ్చింది. నా నోటికి అదుపు తక్కువే, అయినా ఆ రోజు ఆ మాట మింగేశాను.

వదిన గురించి చెప్పాలంటే బడి గురించి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒక పెద్ద బడిలో పనిచేసేది. అక్కడ ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఎదురెదురుగా నిలబెట్టి 'సారీ' అనిపించేవారు. వాళ్ళూ అనేవారు, అంటూనే ఒకడి కాలు ఇంకొకడు తొక్కేవాడు. వదిన ఇంటికొచ్చి గొణిగేది, "నోటితో అనిపించడానికేం? చిలకైనా అంటుంది." మా అన్నయ్య సైన్‌బోర్డులు రాసే పెయింటరు. "అయితే నువ్వే ఒక బడి పెట్టు, బోర్డు నేను రాస్తా" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు పాపం. మా వదినకి వేళాకోళం ఎక్కదు. ఆ ఏడాదే ఉద్యోగం మానేసింది.

ఇంటి కింది భాగంలో రెండు గదులు, వెనక వరండా, అన్నయ్య రంగు డబ్బాలు పెట్టుకునే షెడ్డు, చిన్న ఆవరణ. అదే బడి. మొదట ఇస్త్రీ బండి అతని కవలలు వచ్చారు. తర్వాత, అసలు నోరు విప్పదని వేరే బడివాళ్ళు తిప్పి పంపిన ఒక పిల్ల వచ్చింది. ఆ తర్వాత మెల్లగా గది నిండింది. పిల్లలు ఊడ్చేవారు, మొక్కలకి నీళ్ళు పోసేవారు, షెడ్లో చెక్కముక్కలకి మేకులు కొట్టేవారు, మొండి చాకుతో అరటిపళ్ళు కోసి అందరికీ పంచేవారు. చదువు ఈ పనుల మధ్యలోంచి వచ్చేది. "మావాడు పుస్తకం తెరవకుండా పొద్దున్నంతా పళ్ళు కోశాడటగా?" అని ఒకాయన తగువుకొచ్చాడు. "అవునండీ, ఎవరికీ ముక్క తక్కువ కాకుండా పంచాడు. లెక్కలంటే అవేగా" అంది వదిన. "వీళ్ళ చేతికి సుత్తి ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే" అనుకుంటూ ఆయన వెళ్ళాడు గానీ, కొడుకుని మాత్రం మానిపించలేదు.

అప్పట్లో నేను బట్టల కొట్లో ఉండేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళతో పోట్లాడుతున్నానని మానిపించారు. వదిన పిలిచి, "నీకు పెద్దవాళ్ళతో పడదు. పిల్లలతో పడుతుందేమో చూద్దాం" అంది. పడింది. ఆవిడ పెద్ద టీచరు, నేను చిన్న టీచరు.

వంతుల కోసం మొదటి గదిలో ఒక తాడు కట్టి ఉండేది. ఒక్కొక్కరికీ ఒక చెక్క క్లిప్పు, దాని మీద అన్నయ్య వేసిన బొమ్మ. ఎవరి క్లిప్పు ఎక్కడుంటే ఆ రోజు వాళ్ళ పని అది. వదినకి తాబేలు వేశాడు. నాకు ఎండుమిరపకాయ వేశాడు. "ఏరా అన్నయ్యా, ఇదేం బొమ్మ?" అంటే, "ఫొటోలా వచ్చింది కదూ?" అన్నాడు.

ఆ బడిలో రెండు అలవాట్లు పడ్డాయి. పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుని, ఇవాళ ఎలా ఉన్నారో ఒక్కొక్కరే చెప్పాలి, టీచర్లతో సహా. అబద్ధం చెప్పకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే 'దాటేస్తున్నా' అనొచ్చు, ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. రెండోది తగువుల చాప. ఎవరైనా ఇద్దరికి చెడితే, ఆ సంగతి కనిపెట్టినవాళ్ళు ఎవరైనా సరే వెనక వరండాలో చాప వేయొచ్చు. వేశాక ఆ ఇద్దరూ వెళ్ళి కూర్చోవాల్సిందే. అక్కడ ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోకూడదు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో, 'నేను' అంటూ, వాళ్ళే మాట్లాడుతున్నట్టు చెప్పాలి. ఎదుటివాళ్ళు 'అవును, అదే' అంటే అయినట్టు. 'కాదు' అంటే మళ్ళీ చెప్పాలి. మాటలు వినబడనంత దూరంలో మిగతావాళ్ళుండాలి. చాప వేసినవాళ్ళు గుమ్మంలో అటు తిరిగి కాపలా కూర్చుంటారు. ఇస్త్రీ అతను కూడా ఒకసారి కొడుకుతో ఆ చాప మీద కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ లేచాడు.

తర్వాత అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మేడ మీద గదిలో పడుకోబెట్టాం. ఎడమ చేతిలో కర్ర. ఏం కావాలన్నా నేల మీద ఠక్ ఠక్ మని కొట్టేవాడు. కింద వదిన కథ చెబుతూ చెబుతూ కళ్ళు పైకెత్తేది, వెంటనే లేచేది. "పైన మావయ్య పిలుస్తున్నాడు" అని పిల్లలు వాళ్ళలో వాళ్ళే చెప్పుకుని ఆగేవారు. నేను వెళ్తానంటే కుదిరేది కాదు. నన్ను చూస్తే అన్నయ్య గోడవైపు తిరిగిపోయేవాడు. చెల్లెలి చేత ఒళ్ళు తుడిపించుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. బొమ్మలేసిన చెయ్యి పోయిన కోపమంతా వదిన మీదే చూపించాడు. భుజం మీద పాలమరకతో దిగొచ్చి, చెప్తున్న కథని ఆగిన మాట దగ్గరే అందుకునేది ఆవిడ. గ్లాసు ఎందుకు విసిరాడని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. మూడేళ్ళు అలా గడిచాక అన్నయ్య పోయాడు.

అప్పటినుంచి పొద్దున్న తన వంతు వచ్చినప్పుడల్లా వదిన 'దాటేస్తున్నా' అనేది. రోజూ అదే మాట. నేనూ ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత ఎండిపోయాను. అన్నం తినేదాన్ని, రుచి తెలిసేది కాదు. పిల్లలు నవ్వితే, నవ్వాలి కాబట్టి నవ్వేదాన్ని. ఇద్దరం ఒకే గదిలో రెండు కుర్చీల్లా ఉండేవాళ్ళం. పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక గచ్చు కడుగుతూ ఒకరోజు ఆవిడ అంది, "ఈ టర్ము అయ్యాక నేను రాను. నువ్వు నడుపు."

"ఎక్కడికి పోతావ్?"

"మా అక్క దగ్గరికి."

"ఇప్పుడేం ముంచుకొచ్చిందని?"

"రోజూ దాటేసే మనిషి పిల్లల మధ్య కూర్చోకూడదు" అని చీపురు అవతల పెట్టింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చాలా రోజుల తర్వాత నాకు తెలిసొచ్చింది ఆ ఒక్క మంటే. "పో! నిన్నెవరు పట్టుకున్నారు? కట్టుకున్నవాడు పోతే కంట తడి పెట్టని దానివి, బడి పోతే మాత్రం ఏడుస్తావా!" అన్నాను. మర్నాటికి తాడు మీద తాబేలు లేదు.

అక్కణ్ణుంచి మా మధ్య మాటలు పిల్లల మీదుగా నడిచాయి. "గొళ్ళెం వేయమని చిన్న టీచర్‌కి చెప్పు", "వేశానని పెద్ద టీచర్‌కి చెప్పు." మా బడిలో ఏడేళ్ళ పిల్ల ఒకతె ఉంది. మాటలన్నీ ముసలమ్మ మాటలు కాబట్టి అందరం 'అమ్మమ్మ' అని పిలుస్తాం. పిట్ట కొంచెం, కూత ఘనం. అది నా దగ్గరికొచ్చి, "తాబేలేది టీచర్?" అంది.

"మీ పెద్ద టీచర్నే అడుగు."

వెళ్ళింది. తిరిగొచ్చింది. "ఆవిడ మిమ్మల్ని అడగమంటున్నారు" అంది. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, మీ ఇద్దరికీ చెడింది. నే చాప వేస్తున్నా" అని అటకమీద చాప కోసం స్టూలు లాక్కుంది.

వెళ్ళకపోతే ఆ చాపకి ఇక విలువుండదు. ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం. "పెద్దవాళ్ళు ముందు" అని తీర్పు చెప్పి, అమ్మమ్మ గుమ్మంలో అటు తిరిగి కూర్చుంది.

వదిన నా మొహం చూసింది. కొత్తగా చేరిన పిల్లని చూసినట్టు, తొందర లేకుండా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. "నేను చిన్న టీచర్ని. నా అన్న పోయాడు. వదిన ఏడవకపోతే, వాడు ఎవరికీ అక్కర్లేనివాడైనట్టు ఉంది నాకు. ఇప్పుడు ఈవిడ కూడా పోతానంటోంది. ఈవిడ పోతే, మా అన్న ఇలా ఉండేవాడు అని చెప్పుకోవడానికి నాకు మనిషే మిగలదు. భయంగా ఉంది. భయమని చెప్పడం చేతగాక అరుస్తున్నాను."

ఒక్క దెబ్బకే చెప్పేసింది. "అవును, అదే" అన్నాను.

ఇక నా వంతు. "నేను పెద్ద టీచర్ని. దుఃఖం లోపల గడ్డకట్టుకుపోయింది" అన్నాను.

"కాదు."

"మూడేళ్ళ చాకిరీకి ఒళ్ళు హూనమైంది. ఇంక ఓపిక లేదు."

"అలసటా ఉంది గానీ, అది కాదు."

"పిల్లలంటే ఇష్టం పోయింది."

"కాదు."

"ఆడపడుచు నోటి దురుసు పడలేకపోతున్నాను."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. "అది ఎప్పుడూ ఉన్నదేగా. కాదు."

నాకు విసుగొచ్చింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరిగాను, ఈ మనిషి మనసులో ఏముందో నాకు అంతు చిక్కలేదు. సరిగ్గా అప్పుడు షెడ్లో ఎవరో చెక్కమీద మేకు కొట్టారు. ఠక్. వదిన కళ్ళు గభాలున పైకప్పు వైపు లేచాయి, మోకాళ్ళ మీద చేతులూనింది. అంతలో ఆగింది. కళ్ళు కిందికి దిగాయి. బిగదీసుకున్న భుజాలు రెండూ మెల్లగా జారాయి. ఒక ఊపిరి విడిచింది. ఆ ఊపిరి చూశాను నేను. చూశాక చూడనట్టు ఉండటం కుదరలేదు.

"నేను పెద్ద టీచర్ని" అన్నాను. "కర్ర చప్పుడనుకుని ఒళ్ళు దానంతటదే లేస్తుంది. పైన ఎవరూ లేరని తర్వాత గుర్తొస్తుంది."

ఆవిడ 'కాదు' అనలేదు.

"లేరని గుర్తు రాగానే... నాకు హాయిగా ఉంటుంది."

నా అన్న గురించి నా నోటితో ఆ మాట అన్నాను. ఆగితే మళ్ళీ అనలేనని ఆగలేదు. "ఆయన పోయిన రోజు కూడా ముందు అదే అనిపించింది. అమ్మయ్య అనిపించింది. ఆ మాట ఎవరితో చెప్పుకోను? ఆయన చెల్లెలితోనా? పిల్లల ముందు నిజం చెప్పలేను, అబద్ధం చెప్పలేను. అందుకే దాటేస్తున్నాను. అందుకే పోతానంటున్నాను."

వదిన చాప అంచు దువ్వింది. "అవును" అంది. తర్వాత, పద్ధతి ప్రకారం పూర్తిగా అంది. "అవును, అదే."

నాకు కోపం రావాలి. ఎదురుచూశాను, రాలేదు. అన్నయ్య మీద జాలి వేసింది, ఆవిడ మీదా వేసింది, రెండిటికీ గొడవ లేదు.

"అయిందా?" అంది అమ్మమ్మ, ఇటు తిరక్కుండానే.

"అయింది."

"అయితే ఇద్దరూ కలిసి చాప మడవండి. కొసలు సరిగ్గా కలవాలి."

చెరో కొసా పట్టుకున్నాం. మడత వేస్తూ దగ్గరికొచ్చినప్పుడు వదిన అడిగింది, "రేపు ఆవరణ ఊడ్చే వంతు ఎవరిది?"

"నీదే. ఎవరమూ మార్చలేదు."

ఆవిడ తన చేతిసంచిలోంచి తాబేలు తీసింది. "రంగు లేచిపోతోంది" అంది.

"వేద్దాంలే. డబ్బాలన్నీ షెడ్లోనే ఉన్నాయిగా."

మర్నాడు ఊడ్చాక అందరం గుండ్రంగా కూర్చున్నాం. వదిన వంతు వచ్చింది. పక్కన కూర్చున్న కవలల్లో ఒకడు, ఆవిడ దాటేస్తుందని తెలిసి, అప్పుడే నోరు తెరిచాడు.

"ఇవాళ నేను అలిసిపోయి ఉన్నాను" అంది వదిన. "చాలా అలిసిపోయాను."

వాడు నోరు మూశాడు. అమ్మమ్మ లేచి, స్టూలు లాగి, చాప దింపి గది మధ్యలో పరిచింది. "పడుకోండి టీచర్, మేం చూసుకుంటాం" అంది. వదిన నావైపు చూసింది. నేను తలూపాను. గోడవైపు కాకుండా పిల్లలవైపే తిరిగి పడుకుంది. కాసేపటికి నిద్రపట్టింది. నిద్రలో కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారి చాప మీద పడుతున్నాయి. ఆవిడ లేవలేదు.

"సుత్తులు తీయకండ్రా, మేకులు రేపు కొట్టుకుందాం" అని అమ్మమ్మ గుసగుసగా అందరికీ చెప్పింది. ఆ పూట మా బడిలో ఎవరూ మేకులు కొట్టలేదు.