సభలో మార్తమ్మగారు చెప్పిన మాట

పోయిన వారం తనిఖీ పని మీద నాచారంలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌కు వెళ్లాను. హాలు తలుపు తీయగానే వేడెక్కిన అల్యూమినియం రేకు వాసన వచ్చింది. దానితో పాటు గాలిలో కంటికి కనపడనంత సన్నటి మాత్రల పొడి. అక్కడ రెండు నిమిషాలు నిలబడి పెదవి తడుపుకుంటే చాలు, నాలుకకు చేదు తగులుతుంది. చేదు తగలగానే నేను ఆ హాలులో ఉన్నదీ, నా పక్కన యజమాని ఏదో వివరిస్తున్నదీ మరిచిపోయి మనసులో మార్తమ్మగారి దగ్గరికి వెళ్లిపోయాను. "తొమ్మిదేండ్లు నా చేతి బువ్వ నాకే చేదుండేది బిడ్డా" అని ఒకసారి ఆమె నాతో నవ్వుతూ అన్నారు. అప్పటికి ఆమె రాష్ట్రానికి పరిశ్రమలు, వాణిజ్యం, ఉపాధి శాఖల మంత్రి.

ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఎప్పుడూ తెలియదు. పల్లెలో పని దొరకక మల్లాపూర్ వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. తండ్రి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. పదో తరగతి అయిపోగానే ఆమె నాచారంలో ప్యాకింగ్ పనికి చేరారు. చెకింగ్ టేబుల్ ముందు కూర్చుని, వచ్చే ప్రతి స్ట్రిప్పులో ఖాళీ గూడు ఉందేమో వేలితో తడిమి చూడటం ఆమె పని. తర్వాత కార్మిక సంఘం, కార్పొరేటర్ పదవి, శాసనసభ, చివరికి మంత్రి పదవి. ఇంత దూరం వచ్చినా చేతిలో కాగితం పెడితే ముందు బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమేవారు. చదవడం ఆ తర్వాతే. నేను ఆమె పేషీలో మూడేళ్లు పనిచేశాను.

చేరిన మొదటి రోజు ఇప్పటికీ గుర్తుంది. పరిశ్రమల శాఖలో ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ రాయగలిగిన వాళ్లు కావాలని నన్ను పేషీకి పంపారు. ఇస్త్రీ చీర నలగకుండా జాగ్రత్తగా కుర్చీ అంచున కూర్చున్నాను. ఆమె నా ఊరు అడిగారు. చెంగిచెర్ల అన్నాను. మా తాతల కాలంలో కూరగాయలు పండించిన భూములు కాలనీలైపోయాయనీ, మా నాన్న బస్సు డిపోలో మెకానిక్ అనీ చెప్పాను.

"మరి నాచారం ఎరికేనా?"

"తెలుసు మేడం. కాలేజీకి రోజూ బస్సులో అటు నుంచే వెళ్లేదాన్ని."

"దాటిపోవుడు గాదు బిడ్డా. ఎన్నడన్న దిగినవా?"

దిగలేదు. అబద్ధం చెప్పాలనిపించింది కానీ ఉన్నమాటే చెప్పాను. "వారానికి ఒక్కనాడు దిగు. షిఫ్టు ఇడిసే యాళ్లకు గేటు కాడ నిలవడు. ఎవ్వరినేమీ అడగకు. ఆళ్లే జెప్తరు" అన్నారు. అలా ప్రతి శనివారం మధ్యాహ్నం నేను నాచారంలో దిగడం మొదలైంది. మొదట్లో నాకది శిక్షలా ఉండేది. రెండు నెలలకు గేటు ముందు చాయ్ బండి అతను నన్ను చూడగానే గ్లాసు కడగడం మొదలుపెట్టేవాడు. ఏ యూనిట్‌లో ఆర్డర్లు తగ్గాయో, ఎక్కడ కొత్త మిషన్ దిగిందో, ఎవరికి ఎందుకు పని పోయిందో ఏ నివేదికలోనూ రాకముందే నాకు తెలిసేది. సోమవారం ఉదయం ఆమె ఫైళ్లు తెరవకముందు అడిగే మొదటి ప్రశ్న, "శనివారం ఏమన్నరు?"

ఇంగ్లీషు వేగంగా చదవలేరని సచివాలయంలో కొందరు ఆమెను చాటుగా వెక్కిరించేవారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. విదేశీ కొనుగోలుదారుల బృందం ఒకటి వచ్చినప్పుడు పెద్ద హోటల్లో సమావేశం ఏర్పాటు చేశారు. మా అధికారులు నాలుగు పేజీల ఇంగ్లీషు ప్రసంగం రాసిచ్చారు. ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టి, నన్ను పక్కన నిలబెట్టుకుని తెలుగులో మాట్లాడారు. నేను అనువదిస్తున్నాను. ఆ బృందంలో ఒక పెద్దాయన మర్యాదగానే అడిగాడు, ఇంతకంటే చవకగా ఇచ్చే దేశాలు ఉన్నాయి కదా, ఇక్కడ ఎందుకు కొనాలి అని.

ఆమె బల్ల మీద ప్రదర్శనకు పెట్టిన స్ట్రిప్పు ఒకటి తీసుకున్నారు. "మీ ఊర్ల ఒక ముసలామె పొద్దుగాల్ల గీ గూడు చింపితె లోపట మాత్ర ఉండాలె. లేకుంటె ఆమె ఆ పూట ఏం మింగుతది? గది సూసేటోళ్లు మా కాడ ఉన్నరు. నేను తొమ్మిదేండ్లు గదే సూసిన. ఆళ్లకు సరైన జీతమిస్తె మాత్ర సరిగ్గ ఉంటది. మీరు ఎక్కువ పెట్టేది గందుకే."

మర్నాడు వాళ్ల కార్యక్రమంలో ఉన్నది విందు. వాళ్లు దాన్ని వద్దనుకుని నాచారం చూపించమని అడిగారు. ఆ తర్వాత మల్లాపూర్‌లో రెండు చిన్న యూనిట్లకు మొదటిసారి ఎగుమతి ఆర్డర్లు వచ్చాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా అమ్మకు ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇక నేను చెప్పక తప్పని సంగతి. మహిళలకు స్థిరమైన ఉద్యోగాలు పెరగాలని ఆమె ఒక పథకం తలపెట్టారు. చిన్న పరిశ్రమలు మహిళలను పనిలోకి తీసుకుంటే, వాళ్ల తరఫున యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటాను రెండేళ్లు ప్రభుత్వమే భరించాలి. ఆలోచన ఆమెది, ఉత్తర్వు రాసే పని నాది. ఆ గర్వంలో నేను రాత్రీ పగలూ దాని మీదే కూర్చున్నాను. వరసగా అయిదారు శనివారాలు నాచారం వెళ్లలేదు. "కొత్తగా నియమించుకున్న ప్రతి మహిళకు" అని రాశాను. రెండు భాషల్లోనూ వాక్యం అందంగా కుదిరిందని మురిసిపోయాను. సంతకం చేసే ముందు ఆమె అడిగారు, "ఇంకెవ్వరినన్న అడగాల్నా బిడ్డా?" అక్కర్లేదు మేడం, అన్నీ చూశాను అన్నాను. ఆమె నా మాట నమ్మి సంతకం చేశారు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున మా వీధిలోనే ఉండే మంజుల వదిన ఇంటి ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆమె ఏడేళ్లుగా నాచారంలో ప్యాకింగ్ పని చేస్తోంది. ఆదివారం కూడా ఓవర్‌టైమ్‌కు పోయే మనిషి. ఇవాళ డ్యూటీ లేదా వదినా అని అడిగాను.

"ఏం డ్యూటీ. తీసేసిన్రు" అంది చేట ఆపకుండా. "మమ్మల్ని పదకొండు మందిని తీసేసిన్రు. కొత్త పిల్లల్ని పెట్టుకున్నరు. కొత్తోళ్లయితె పీఎఫ్ సర్కారే కడ్తదంట గద. మేము పాతోళ్లమైపోయినం."

ఆ ఉత్తర్వు రాసింది నేనని ఆమెకు తెలియదు. మా ఆడపడుచు మంత్రిగారి దగ్గర పనిచేస్తుందని బస్సులో అందరికీ చెప్పుకునే మనిషి ఆమె. ఇంట్లోకి వెళ్లి ఉత్తర్వు ప్రతి తీసి చదివాను. 'కొత్తగా' అన్న ఒక్క మాట. పాతవాళ్లను తీసేయకూడదని ఎక్కడా రాయలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఒక్క శనివారం గేటు దగ్గర నిలబడి ఉంటే ఎవరో ఒకరు చెప్పేవారు.

సోమవారం ఉదయం ఆమె అడగకముందే అంతా చెప్పేశాను. బదిలీ కోరుతూ రాసుకొచ్చిన కాగితం కూడా బల్ల మీద పెట్టాను. ఆమె కాగితం ముట్టుకోలేదు. "పదకొండు మందేనా, ఇంక ఉన్నరా?" అని అడిగారు. తెలియదన్నాను. "పా" అని లేచారు. కాన్వాయ్ వద్దని ఒక్క కారులో బయలుదేరాం. మంజుల వదిన వాళ్లను నాచారంలో ఒక చర్చి వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి మాటా విన్నారు. వాళ్లలో ఒకామె కోపంగా, "ఆడోళ్లకు మేలు జేస్తున్నమని బోర్డులు పెట్టిన్రు. మేము ఆడోళ్లం గాదా?" అంది. మార్తమ్మగారు తల వంచుకుని విన్నారు. నేను వదిన ముఖం చూడలేక నోట్‌బుక్‌లో తల దూర్చాను. మల్లాపూర్‌లో మరో రెండు యూనిట్లలోనూ ఇదే జరిగిందని ఆ రోజే తెలిసింది.

తిరిగి వచ్చాక కార్యదర్శిగారు సలహా ఇచ్చారు. ఆయన మంచి అధికారి, ఆమె మేలు కోరే మనిషి. "మేడం, చిన్న స్పష్టీకరణ మెమో ఇచ్చి సరిచేసుకుందాం. సభలో ప్రస్తావన వస్తే చదవడానికి ఒక ప్రకటన కూడా సిద్ధం చేశాను" అన్నారు. ప్రకటనలో ఇలా ఉంది: 'ఉత్తర్వుల అమలులో కొన్ని పొరపాట్లు జరిగినట్లు ప్రభుత్వ దృష్టికి రావడమైనది.'

ఆమె ఆ వాక్యం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "ఎవ్వరు జేసిన్రు సార్ ఈ పొరపాట్లు? వాన పడ్డట్టు ఆటంతట అవే జరిగినయా?"

"ప్రభుత్వ భాష అలాగే ఉంటుంది మేడం."

"ఉంటె ఉండనీ. పని పోయినామెకు ఈ మాట జెప్తె అర్థమైతదా?" అని పెన్ను తీసి ఆ వాక్యం మొత్తం కొట్టేశారు.

రెండు రోజుల తర్వాత సభలో, ఎవరూ అడగకముందే ఆమె లేచి నిలబడ్డారు. నేను అధికారుల గ్యాలరీలో ఉన్నాను. చేతిలో కాగితం లేకుండా మాట్లాడారు. "ఆ ఆర్డరు మీద సంతకం నాది. అర్థమైందనుకున్న. అడగాల్సినోళ్లను అడగలే. దానివల్ల నాచారంల, మల్లాపూర్‌ల కొందరు ఆడోళ్ల పని పోయింది. తప్పు నేను జేసిన. సవరించిన ఆర్డరు ఇయ్యాల్నే ఇస్తున్న. పాతోళ్లను మల్ల తీసుకోనిదే ఆ యూనిట్లకు సర్కారు సాయం రాదు."

తర్వాత అవతలి వైపు నుంచి ఒక సభ్యుడు లేచాడు. అసలు ఆ ఉత్తర్వు రాసిన అధికారి ఎవరు, వాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారు అని నిలదీశాడు. ఆమె గ్యాలరీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"రాసుడు ఆళ్ల పని, రాసిన్రు. సూసుడు నా పని. నేను సూడలే" అని కూర్చున్నారు.

మర్నాడు పత్రికల్లో వెటకారాలు వచ్చాయి. సొంత పార్టీలోనే కొందరు, నిండు సభలో ఇలా ఒప్పుకుంటారా అని గొణిగారు. నేను బదిలీ సంగతి మళ్లీ ఎత్తాను. అప్పుడు మాత్రం ఆమె కొంచెం విసుక్కున్నారు. "నువ్వు పోతె ఇంకొకలొస్తరు. ఆళ్లు ఇంకో తప్పు జేస్తరు. నీకు ఈ తప్పు ఎట్లయితదో ఎరికైంది గద. ఉండు. శనివారం బస్సెక్కు."

ఆ శనివారం ముందుగా మంజుల వదిన ఇంటికి వెళ్లి ఆ ఉత్తర్వు నేనే రాశానని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నాకు ఆ చర్చి కాన్నే సమజైంది. నీ మొకం అట్లున్నది మరి" అంది. ఇంకేమీ అనకుండా చాయ్ పెట్టింది. నెల లోపల ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది తిరిగి పనిలో చేరారు. ఒకామె అప్పటికే మరో చోట కుదిరింది. ఇంకొకామె కుటుంబంతో పల్లెకు వెళ్లిపోయిందని విన్నాను. ఆమె కోసం మనిషిని పంపాం కానీ రాలేదు. ఆ ఒక్క పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఏడాది తిరిగేసరికి మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. పరిశ్రమల శాఖ ఆమె చేతుల్లోంచి వెళ్లిపోయింది. సభలో చెప్పిన ఆ మాట వల్లేనా అని నేను అడిగితే, "ఏమో బిడ్డా. పోతే పోయింది, పథకమైతె నడుస్తున్నది గద" అన్నారు. నిజంగానే నడుస్తోంది. పేరు రెండుసార్లు మారింది, పాతవాళ్లను తీసేయకూడదని ఆమె చేర్చిన షరతు మాత్రం అలాగే ఉంది. రెండేళ్ల కిందట ఆమె పోయినప్పుడు మల్లాపూర్ వీధుల్లో మధ్యాహ్నం షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు, తలకు ప్యాకింగ్ టోపీలు కూడా తీయకుండా శవపేటిక వెనక నడిచారు. నేనూ వాళ్లలో నడిచాను. ఆమె పేషీలో పనిచేశానని ఆ రోజు ఎవరో అంటే, దుఃఖంలో కూడా వెన్ను నిటారైంది.

ఇప్పుడు జిల్లా పరిశ్రమల కార్యాలయం బాధ్యత నాది. ఈ మధ్య మా కార్యాలయం నుంచి వెళ్లాల్సిన అనుమతి ఒకటి ఆలస్యమై, మల్లాపూర్‌లో ఒక లేత్ వర్క్‌షాపు రెండు నెలలు మూతపడింది. సంజాయిషీ పంపమన్నారు. 'ఫైలు నా బల్ల మీద ఉంది. నేను చూడలేదు. ఆలస్యం నేను చేశాను' అని రాశాను. నాలుగు రోజులకు కాగితం తిరిగి వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో, 'వ్యక్తిగత ప్రస్తావనలు తగవు. ఆలస్యం జరిగినట్లుగా సవరించి పంపవలెను' అని ఉంది.

కాగితాన్ని మళ్లీ చదివాను. ఒక చోట ఒత్తు పోయింది, అది దిద్దాను. మిగతాది ఉన్నదున్నట్టే తిరిగి పంపాను.