కందులు ఆగని పెట్టె

గురజాల పక్క పల్లెలో ఒకే పంతులున్న బడిలో చదివి, పదిలో మండలం ఫస్టు తెచ్చుకుని, వాళ్ళింట్లో ఇంజనీరింగు గడప తొక్కిన మొదటి మనిషి వందన. జిల్లా పోటీల్లో రెండు కప్పులు, ఒక శాలువా. ఇప్పుడు నరసరావుపేట కాలేజీలో ఎంటెక్. ఇన్ని సాధించిన పిల్లని ఆ జూన్‌లో కందిగింజ ముప్పుతిప్పలు పెట్టింది.

ట్రాక్టరు గొర్రుకి బిగించే విత్తనాల పెట్టెలో కందులు గొంతు దగ్గర ఇరుక్కునేవి. వందన నాయనమ్మ అంకమ్మ గొర్రు వెంట నడుస్తూ పుల్లతో పొడిచేది. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు. ఈ ఏడు ఆవిడ్ని నడవనివ్వకూడదని వందన పట్టుదల.

కాలేజీ ల్యాబులో జీపీయూ ఉన్న కంప్యూటరుంది. లక్ష గింజలు ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటాయో ఒకేసారి లెక్కగట్టి తెరమీద చూపిస్తుంది. గింజ సైజు, బరువు, రాపిడి ఎంతెంతో మనమే సరిగ్గా చెప్పాలి. రాపిడికి వందన ఒక పరిశోధన వ్యాసంలోని 0.3 ఇచ్చింది. తెరమీద కందులు నీళ్ళలా జారాయి. ఆ కొలతలతో పెట్టె చేయించి కందులు పోస్తే, గొంతులో బిగుసుకున్నాయి.

"ఏందమ్మా, కంప్యూటర్లో కందులకి ఆముదం రాశావా?" అన్నాడు పెట్టె చేసిన వెల్డింగు షాపు నదీం. "రేపు పొద్దున్దాకా ఆగుతా. తర్వాత నా పాత కొలతకే రేకు కోస్తా. వాన పడితే నా షాపు ముందు తిరణాలే."

"ఒక్క రోజు, భాయ్."

ల్యాబుకొచ్చి వందన గింజ బరువు మార్చింది, సైజు మార్చింది. ఏం మార్చినా జారడమే. విసుగొచ్చి నాయనమ్మకి ఫోన్ చేసింది.

"నువ్విచ్చిన కందులు మంచియ్యేనా?"

"ఏమే, నా ఇత్తనాలకే వంక పెడతన్నావా? పురుగు పట్టకుండా ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి దాచినయ్యి. చిన్నప్పుడు నా పక్కన కూచుని నువ్వూ కలపలా?"

వందన పక్కనున్న కందుల డబ్బాలోకి చూసింది. ఎర్రటి కందులు. పుట్టినప్పటి నుంచీ అలాగే చూసింది గనక, గింజ మీద మన్నుందన్న ఆలోచనే రాలేదు. వ్యాసం రాసినవాళ్ళు కొలిచినవి శుభ్రమైన గింజలు.

మధ్యాహ్నం షాపుకెళ్ళి, రేకు మీద గుప్పెడు కందులు పోసి, నదీం చేత ఒక కొస మెల్లగా ఎత్తించింది.

"ఇంకా ఎత్తు భాయ్... ఇంకా..."

"ఇంకెంతమ్మా, నిట్టనిలువుగానా?"

ముప్పై ఒక్క డిగ్రీల దగ్గరగానీ కందులు జారలేదు. అంటే రాపిడి 0.6. రెట్టింపు!

ల్యాబుకి పరుగెత్తి ఆ అంకె ఇచ్చింది. తెరమీద కందులు గొంతుదాకా వచ్చి ఆగిపోయాయి. వందన లేచి చప్పట్లు కొట్టింది.

"ఆగిపోతే సంబరమేందే?" అంది పక్క కుర్చీలో ఉన్న హరిత.

"షాపులో ఎక్కడ ఆగాయో ఇక్కడా అక్కడే ఆగాయి! ఇప్పుడు దీని మాట నమ్మొచ్చు."

ఇక పెట్టె గోడల వాలు పెంచుకుంటూ పోయింది. తొమ్మిదోసారికి గింజలు ఆగకుండా దిగాయి. తెల్లారి నదీం ఆ వాలుకే రేకు కోశాడు. పోసిన కందులు గలగలా రాలాయి. కాసేపు చూసి, "ఇంకో రెండు పెట్టెలకి కొలతలు రాసివ్వు తల్లీ," అన్నాడు.

వారానికి వాన పడింది. ట్రాక్టరు వందనే తోలింది. గట్టు మీద కూర్చున్న అంకమ్మ దారినపోయే ప్రతివాళ్ళనీ పిలిచి, "మా వందన చేయించిన పెట్టె. చానా బాగా రాలతన్నయ్యి," అని చెబుతోంది. మధ్యమధ్యలో పొలంలోకి కేకేస్తోంది:

"సాలు వంకర పోతందే! ముందు చూసి తోలు!"