తెలుగు మాట్లాడిన పీరు

హుస్సేన్ బీకి పీర్ల మీద ఏనాడూ కోపం లేదు. ఆమె కోపమంతా పీరు పేరు చెప్పుకుని చెప్పులతో సహా ఇంట్లోకి వచ్చేసే మా ఊరి జనం మీద.

కోడుమూరు పక్కన మాదో చిన్న పల్లె. ఆమె మొగుడు ఖాసిం వలి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూలో మంచినీళ్లు అడగడం కూడా ఆయనకు రాదు. కానీ పీర్ల పండుగలో పీరును భుజానికెత్తుకున్నాడంటే ఒళ్లు ఊగిపోయి, నోట్లోంచి ఉర్దూ గడగడా దొర్లేది. అది ఒక్కరికీ అర్థమయ్యేది కాదు, అందుకే అందరికీ నచ్చేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు వలి కాలువ గట్టు ఊళ్లకు పరుపులు కుట్టడానికి పోయి జ్వరంతో తిరిగొచ్చాడు. పండుగ ఇంకా మొదలే కాలేదు. మంచం కిర్రుమనేలా వణికాడు, కాలిపోయాడు, చెమటతో తడిసిపోయాడు, మళ్లీ వణికాడు. కళ్లు పచ్చబడ్డాయి. హుస్సేన్ బీ కషాయం పోస్తే కక్కేశాడు. చివరికి పెళ్లాన్ని కూడా గుర్తుపట్టక, ఇంటి కప్పుతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"పీరు ముందే వచ్చినాడంట!" అని వీధంతా గుప్పుమంది. తప్పెట్లు వచ్చాయి, ఊదు పొగ వచ్చింది. వానల్లేక కొర్రచేలు ఎండుతున్న రోజులు. రైతు గిడ్డయ్య మంచం ముందు సాగిలపడ్డాడు.

"సామీ, వాన ఎప్పుడొస్తాది?"

"దూది తడుస్తాది... లోపల పెట్టండి," అని గొణిగాడు వలి.

"దూదంటే మబ్బులప్పా! తడుస్తాదంటే వానే!" గిడ్డయ్య లేచి గంతులేశాడు. ఆయన్ని చూసి ముసలివాళ్లు కూడా గంతులేశారు.

హుస్సేన్ బీకి ఒళ్లు మండిపోయింది. "పీరొస్తే ఉర్దూ మాట్లాడతాడు గదా! ఈయప్ప తెలుగు మాట్లాడతాండాడు. ఇది పీరు కాదు, చలిజ్వరం తలకెక్కింది. బండి కట్టప్పా గిడ్డయ్యా, ఆసుపత్రికి పోవాల!"

"ఏమమ్మా, తెలుగోళ్లకు రాష్ట్రమొచ్చె, రాజధాని మన కర్నూలుకే వచ్చె. పీరు మాత్రం తెలుగు నేర్చుకోకూడదా?" అన్నాడు గిడ్డయ్య.

అంతలో వలి ఒళ్లు కొయ్యబారింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. జనం ఇంకా గట్టిగా తప్పెట్లు మోగించారు. నిజం చెబుతూ కూర్చుంటే మొగుడు దక్కడని హుస్సేన్ బీకి తేలిపోయింది. గబగబా వలి నోటి దగ్గర చెవి పెట్టి, లేచి, చేతులెత్తి అరిచింది.

"పీరు రాజధాని చూడాలంటాండాడు! ఇప్పుడే! పెద్దాసుపత్రి కాడ దిగుతాడంట!"

పీరుకు ఆసుపత్రి ఎందుకని ఎవరూ అడగలేదు. గిడ్డయ్య ఎద్దులు కోడుమూరు దాకా పరుగే పరుగు. అక్కడ బస్సులో కండక్టరు, పీరుకు టికెట్టు కొట్టడం ఎలాగో తెలియక దండం పెట్టి ఊరుకున్నాడు. తప్పెట్లు బస్సు పైకెక్కాయి.

ఆసుపత్రిలో డాక్టరు ముందు తప్పెట్లను గేటు బయటికి పంపించాడు. వలి మూత్రం కషాయం రంగులో రావడం చూసి ముఖం చిట్లించాడు. "మలేరియా మెదడుకెక్కిందమ్మా. మూత్రపిండాలకూ దెబ్బ తగిలింది. ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అని క్వినైన్ ఎక్కించాడు. హుస్సేన్ బీ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఎంతమంది చెప్పినా మెతుకు ముట్టలేదు.

జ్వరం దిగాక వలి కళ్లు తెరిచి, గేటు బయటి మోత విని, "ఏమ్మే, ఈ తప్పెట్లేంది?" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

వాన మాత్రం మా ఊళ్లో పడలేదు. పీరుతోపాటు అది కూడా రాజధానికి పోయిందని గిడ్డయ్య సమాధానపడ్డాడు.

మరుసటి ఏడు పండుగకు వలి మళ్లీ పీరునెత్తాడు. ఒళ్లు ఊగింది. జనం ప్రశ్నలతో ఎగబడుతుంటే, అంతవరకూ పీరును ఏనాడూ ఏమీ అడగని హుస్సేన్ బీ వాళ్లను తోసుకుని ముందుకొచ్చింది.

"పీరయ్యా, నా మొగుడు నాకంటే ముందు పోడు గదా?"

వలి గడగడా ఏదో చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెయ్యి చాపి ఆయన నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.

"పీరే," అంది జనం వైపు తిరిగి. "ఇంక మీరు అడుక్కోండప్పా."