ఆదివారం దిబ్బరొట్టె... తాతయ్య షుగరు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారిందంటే చాలు, దెందులూరులో మా వంటింట్లోంచి దిబ్బరొట్టె వాసన వీధి అరుగు దాకా వచ్చేసేది. ఇనప మూకుడులో నూనె పోసి, బియ్యపు నూక కలిపిన మినప్పిండి మందంగా వేసి, కుంపటి మీద సన్నసెగన నాయనమ్మ కాల్చేది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా... దాని మీద తాడేపల్లిగూడెం నుంచి మేనత్త పంపించే చెరకు పానకం ఓ గరిటెడు. అబ్బ... రాస్తుంటేనే నోరూరిపోతోంది.

వసారాలో అందరం ఒకే వరసలో కూర్చునేవాళ్లం. తాతయ్య మొదట, తర్వాత నాన్న, తమ్ముడు, నేను. ఆ వరసలో ఒకరికొకటి, ఇంకొకరికొకటి వడ్డించడం నాయనమ్మ దృష్టిలో మహాపాపం. పంక్తిభేదం అనేది. కలెక్టరొచ్చి కూర్చున్నా మాకు పెట్టిందే ఆయనకీ.

అలాంటి ఇంట్లో తాతయ్యకి షుగర్ వచ్చింది.

ఏలూరు డాక్టరుగారు తీపి మానెయ్యమన్నారు. నాయనమ్మ ఆ పూటే పంచదార డబ్బా తీసుకెళ్లి పక్కింటావిడకి ఇచ్చేసింది. రొట్టె మీద పానకం మాత్రం యథాప్రకారం... అది చెరకు కదా, చలవ చేస్తుందట. తర్వాతి పరీక్షలో షుగర్ ఇంకా పెరిగింది. పొద్దున్నే ఏం తింటున్నారని డాక్టరుగారు అడిగితే, పానకం సంగతి గొప్పగా చెప్పేసిందట నాయనమ్మ. ఆయన నవ్వాపుకుని, "అమ్మా, పంచదారైనా పానకమైనా ఒంట్లోకెళ్లాక ఒకటేనండీ. ఇలాగే అయితే ఇంజెక్షన్లు తప్పవు" అన్నారట.

ఇక చూస్కోండి... మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ గోధుమరవ్వ ఉప్మా. కాకపోతే రాగిజావ. తాతయ్యకి లేనిది ఎవరికీ లేదు, ఆదివారమైనా సరే. తమ్ముడూ నేనూ మొహాలు వేలాడేసుకుని ఆ ఉప్మాని కంచంలో అటూ ఇటూ తోస్తూ కూర్చునేవాళ్లం.

తాతయ్య జీవితమంతా బళ్లో పిల్లల మధ్య గడిపిన మాస్టారు... మా మొహాలు ఆయనకి తెలియవా? ఓ శనివారం సాయంత్రం నాయనమ్మకి చెప్పేశారు. "నాకొచ్చిన రోగానికి పిల్లలకెందుకే శిక్ష? రేపు వాళ్లకి రొట్టె వెయ్యి. నేను పెరట్లో కూర్చుని తింటాను. వరసలో నేను లేకపోతే నీకు పంక్తిభేదం ఉండదుగా."

"మీరెలా అంటే అలాగేనండీ" అంది గానీ, మర్నాడు మొహం మాడ్చుకునే రొట్టె వేసింది.

తాతయ్య పీటా, ఉప్మా కంచం పట్టుకుని నూతి పక్కకి వెళ్లిపోయారు. మా ముందు వేడివేడి రొట్టె, పానకం... వసారాలో మొదటి చోటు ఖాళీ. ఇన్నాళ్లూ దీని కోసమేగా ఏడ్చాం, తీరా చూస్తే ముద్ద దిగదే. తాతయ్య ఇక రోజూ ఇలా ఒక్కరే తింటారా అని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మా నాన్న లేచారు. తాతయ్య ఎదుట గట్టిగా దగ్గడానికి కూడా భయపడే మనిషి... రొట్టె ముట్టుకోకుండా వేరే కంచం తీసుకుని, పెరట్లోకెళ్లి తాతయ్య పక్కన కూర్చున్నారు. "నాక్కూడా ఉప్మాయే పెట్టమ్మా" అన్నారు నాయనమ్మతో. ఇక మేమాగుతామా... తమ్ముడూ నేనూ ఒకటే పరుగు. నూతి పక్కనే మళ్లీ వరస కట్టేశాం.

"ఈ ఇంట్లో నా మాట ఎవడు విన్నాడు గనక" అని కసురుకుంటూనే తాతయ్య జరిగి చోటిచ్చారు. మొహం నిండా నవ్వే. ఆ పూట ఉప్మా అంత రుచిగా ఎందుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

పై ఆదివారానికి నాయనమ్మ దారి వెతికేసింది. నూక బాగా తగ్గించి, మినప్పిండి ఎక్కువ చేసి, పల్చటి రొట్టె. పానకం బదులు బెల్లం వెయ్యని అల్లప్పచ్చడి. తలకో చిన్న ముక్క, తాతయ్యతో సహా. ఈసారి డాక్టరుగారినడిగే చేసిందండోయ్... అంత ముక్కయితే ఫర్వాలేదన్నారట. ఆ కారానికి తమ్ముడు ముక్కు చీదుకుంటూ తింటుంటే తాతయ్య పకపకా నవ్వేవారు. తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది, ఇంజెక్షన్ల మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు నాకూ షుగరే. ఏలూరులోనే ఉంటున్నాం. ఎవరి తప్పూ లేదు లెండి... పిల్లలకి కాలేజీ బస్సు పొద్దున్నే వచ్చేస్తుంది, మా ఆయన టిఫిన్ ఆఫీసు దగ్గరే. ఎవరికి కావలసింది వాళ్లు, వీలైనప్పుడు తింటారు. నా పెసరట్టు ముక్క, మొలకెత్తిన పెసలు నేను ఫోను చూసుకుంటూ తినేస్తాను. షుగర్ కంట్రోల్లోనే ఉందండీ, కంగారు పడకండి. పక్కన కూర్చునే తీరికే ఎవరికీ లేదు.

మీ ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే ఎంతమంది టిఫిన్ మారిందో కింద రాయరూ... రేపు పొద్దున్న అవి చదువుకుంటూ తింటాను. నలుగురితో కలిసి తిన్నట్టుంటుంది.