తొంభై ఎనిమిది

ముప్పై ఏళ్లు ఆత్రేయపురం పిల్లలకు రక్తం పాఠం చెప్పాను. ఎర్రకణం ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకుంటుంది, అవసరమైన చోట దించేస్తుంది. ఇంత తెలిసినవాణ్ణి, సత్యదుర్గ విషయంలో శుద్ధ మొద్దునయ్యాను.

సత్యదుర్గ మా ఎదురింట్లో పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. గాలి తగిలితే చిరుగుతుందని తలుపులు మూసుకునే చేస్తారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆమెకు కడుపు నిలిచింది. నడిచేటప్పుడు కూడా పొట్ట మీద చెయ్యి తీసేది కాదు.

"మేష్టారండీ, కొబ్బరాకు పొగ బిడ్డకి మంచిది కాదంట కదండీ?" అని ఏడో నెలలో అడిగింది.

"కొబ్బరిచిప్పల బొగ్గు వాడమ్మా, పొగే ఉండదు" అన్నాను. పెద్ద శాస్త్రజ్ఞుణ్ణి మరి!

శ్రావణమాసం పెళ్లిళ్ల ఆర్డర్లు. బయట ముసురు. నాలుగు రోజులు తలుపు బిగించుకుని బొగ్గు మీదే రేకులు తీసింది. తలపోటు, కళ్లు తిరుగుతున్నాయంటూ నా దగ్గరికొచ్చింది. కరోనా నాడు కొన్న ఆక్సిమీటర్ ఆమె వేలికి తగిలించాను. తొంభై ఎనిమిది.

"నిక్షేపంలా ఉన్నావు. మజ్జిగ తాగి కాసేపు పడుకో."

"ఆయ్. ఇక్కడికొచ్చేసరికే తేలిగ్గా ఉందండి" అని నవ్వి వెళ్లి, మళ్లీ కుండ ముందు కూర్చుంది. ఆ ఒక్క మాట నా బుర్రకెక్కినా సరిపోయేది.

మర్నాడు స్పృహ తప్పి పడిపోయింది. రాజమండ్రి తీసుకెళ్లారు. ఆమె బతికింది. కడుపులో ఆడపిల్ల బతకలేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. బొగ్గు నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. ఎర్రకణంలో ప్రాణవాయువు చోట కూర్చుని ఒక పట్టాన లేవదు. పక్కనున్న ప్రాణవాయువునూ దిగనివ్వదు. తల్లి రక్తంలో కన్నా బిడ్డ రక్తంలో ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. వేలి మిషన్‌కు ప్రాణవాయువుకూ ఆ విషవాయువుకూ తేడా తెలియదట. మిషన్‌కు తెలియకపోతే సరే, నాకేమయింది?

నెల తరువాత ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. తీసిన రేకు తీసినట్టే చిరిగిపోతోంది, ఆమె తీస్తూనే ఉంది.

"బొగ్గు వాడమన్నది నేనే. తప్పంతా నాదమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"మీరేం చేస్తారండీ, తొంభై ఎనిమిది వచ్చింది కదండీ" అంది తలెత్తకుండానే. తడిగుడ్డ పక్కన పెట్టి అడిగింది.

"మేష్టారూ, లోపల పాపకి ఎంతుండేదండీ?"