మూడో వరస ఖాళీయేనా?

మా పాత కంప్యూటర్ ఆన్ చేయగానే హార్డ్ డిస్క్ కిర్రుమని తిరగడం మొదలుపెడుతుంది. టాటానగర్ పక్కన మాంగో పేటలో మా ఫ్లాట్ కింద ఆటోల హారన్లు ఎంత మోగుతున్నా ఆ కిర్రు నాకు విడిగా వినిపిస్తుంది. నిన్న ఆ డిస్క్‌లో అక్కర్లేని భాగం ఒకటి చెరిపేద్దామని కూర్చున్నాను. "నిజంగా తొలగించాలా?" అని అడిగింది తెర. అంత మర్యాదగా అడిగేవాళ్లంటేనే నాకు అనుమానం. తెలియకుండానే నా వేలు లేచి తెర మీద ఆ భాగం పేరున్న వరసను చూపించింది, నోరు గట్టిగా చదివింది. వంటింట్లోంచి మా ఆయన్ని పిలిచి, ఆయన చేత కూడా చదివించాకే మీట నొక్కాను. ఈ జబ్బు నాకు అప్పలనాయుడు మావయ్య అంటించినది.

మా పుట్టింటి పేట సిద్ధగోరాలో ఆయన మా పక్కింటివారు. టాటానగర్‌లో రైలింజన్ డ్రైవరుగా రిటైరయ్యారు. చుట్టరికం లేదు, పిలుపే. తన నీడను తనే నమ్మని మనిషి. గ్యాస్ సిలిండర్ వస్తే తూకం వేయించేవారు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసేవారు. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట" అన్నది ఆయన ఊతపదం. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొని, దాన్నీ నమ్మక, విప్పి విప్పి నేర్చుకున్నారు. మా డిస్క్‌ను మూడు ముక్కలు చేసింది ఆయనే. "ఒకే గదిలో వంటా, పడకా, సామానూనా? నిప్పంటుకుంటే ఏటి మిగుల్తాది?" అన్నారు. సి డ్రైవ్‌లో విండోస్, డి డ్రైవ్‌లో మేం దాచుకునేవి, ఇ డ్రైవ్ ఖాళీ.

డిలో నాన్న గొంతు ఉండేది. గొంతుకు ఆపరేషన్ అని తేలాక, ఆయన భజనల్లో పాడే పాటలన్నీ కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాను. ఆపరేషన్‌తో మాట పోయింది. ఇంకో కాపీ తీసి పెట్టే బుద్ధి మాకెవరికీ పుట్టలేదు.

ఒకరోజు విండోస్ లేవడం మానేసింది. రిపేరు దుకాణంవాడు "డేటా సేఫ్ రహేగా" అన్నాడు, లోపలున్నవేవీ పోవని. మావయ్య ఒప్పుకోలేదు. "సేఫన్నోడు ఏది సేఫో సెప్పాల గదా?" అంటూ విండోస్ సీడీ పట్టుకుని తనే వచ్చి కూర్చున్నారు. నాకు ఆయన మీదే అనుమానం. నేర్చుకున్న విద్య చూపించుకోవడానికి మా నాన్న గొంతే దొరికిందా అని లోపల తిట్టుకున్నాను. నాన్న మంచం మీద కూర్చుని మా వెనకనుంచి చూస్తున్నారు.

ఖాళీగా ఉన్న మూడో ముక్కను చెరిపి, కొత్త విండోస్ అక్కడ వేయాలన్నది ఆయన ఆలోచన. తీరా చూస్తే సీడీ పెట్టాక వచ్చిన తెర మీద సి, డి, ఇ అన్న అక్షరాలే లేవు. ఒకటి, రెండు, మూడు అని వరసలున్నాయి. మావయ్య ఇంజిన్లోంచి సిగ్నల్‌ను చూపించినట్టు వేలు చాపి, "మూడో వరస, ఖాళీ, సెరిపేత్తన్నా" అని గట్టిగా అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వూ సూసి సెప్పాల."

"ఆప్‌నే బోల్ దియా నా, బస్," అన్నాను విసుగ్గా, మీరు చెప్పారుగా చాలదా అన్నట్టు.

"కన్ను తనకి కావాల్సిందే సూత్తాదే గుంటా. ఓపాలి పొగమంచులో నాకు పచ్చ కనబడింది. అసిస్టెంటు ఎర్రన్నాడు. ఎర్రే. సెప్పు."

తప్పక వేలు పెట్టి చదివాను. మూడో వరస. దాని పక్కన ఖాళీ ఎంతుందా అని చూస్తే, దాదాపు ఏమీ లేదు.

"ఖాలీ నహీ హై, మావయ్యా!"

మౌస్ మీంచి ఆయన చెయ్యి తీసేశారు. మామూలుగా మన కంటికి కనబడని చిన్న ముక్క ఒకటి విండోస్ తన కోసం ముందే దాచుకుందట. దాంతో వరసలన్నీ ఒకటి కిందికి జరిగాయి. మూడోది డి. నాన్న గొంతున్నది అందులోనే. మావయ్య మాత్రం సిగ్గుపడలేదు. "అందుకే ఇంజిన్లో ఇద్దర్ని పెడతారు" అని, నాలుగో వరస మీదికి వేలు జరిపి మళ్లీ మొదటినుంచి చదివారు. ఈసారి నేనూ అరిచినంత గట్టిగా చదివాను. వెనకనుంచి నాన్న మంచం కోడు మీద తట్టారు. ముగ్గురం ఒప్పుకున్నాకే మావయ్య నొక్కారు.

అందరికన్నా ఎక్కువగా ఆయన అనుమానించేది తననే అని ఆ రోజు తెలిసింది. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మావయ్య లేరు, నాన్నా లేరు. ఆ పాటలకు నా దగ్గర కాపీలు చాలానే ఉన్నాయి. ఒక్కదాన్నీ నమ్మను, అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. మొదటి పాటకు ముందు నాన్న దగ్గి, "ఏటమ్మా, ఎక్కుతందా?" అని అడుగుతారు. పాట రికార్డులోకి ఎక్కిందని నాకు తెలుసు. అయినా తెర మీద వేలు పెట్టి, పైకే చెబుతాను.

"ఎక్కుతోంది, నాన్నా."